దయ సరిపోని చోట



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి ఈ ఏడాది విషయం మీ ఇష్టమన్నారు నిర్వాహకులు. తర్వాత ఫోన్ చేసి, "పిల్లల గురించైతే బాగుంటుందేమో సార్, మాస్టారు బతికినంత కాలం వాళ్ళతోనే కదా" అని కూడా అన్నారు. పిల్లల గురించే మాట్లాడతాను. కాకపోతే మన పిల్లలు కాదు, మన ఊరూ కాదు. పోలండ్ దేశం, వార్సా నగరం. అక్కడ దాతల చందాలతో ఒక యూదు అనాథ గృహం 1912 నుంచి 1942 దాకా నడిచింది. ఆ ముప్పై ఏళ్ళలో ఆ ఊరి మీదికి రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చాయి, వాటి మధ్యలో ఇంకో యుద్ధం వచ్చింది. జారు రష్యా పోయి జర్మనీ, జర్మనీ పోయి స్వతంత్ర పోలండ్, అది పోయి మళ్ళీ జర్మనీ. బయట అంత అల్లకల్లోలంగా ఉంటే లోపల పిల్లలు ఏం తిన్నారు, ఏం చదివారు, ఎవరి మీద ఎవరు ఫిర్యాదు పెట్టుకున్నారు అన్నది ఇవాళ్టి విషయం.

ఆ ఇంటి పెద్ద పేరు మీలో చాలామంది వినే ఉంటారు. యానుష్ కోర్చాక్. కలం పేరు అది. అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిత్. యూదు కుటుంబంలో పుట్టిన పిల్లల డాక్టరు, రచయిత. ఆయన కథను అందరూ చివరి రోజు నుంచి మొదలుపెడతారు. పిల్లల్ని వదల్లేక వాళ్ళతోపాటే మృత్యు శిబిరానికి వెళ్ళిన మహానుభావుడు అంటారు. అబద్ధమేమీ కాదు. కానీ మహానుభావుణ్ణి చేసేశాక దండ వేసి పక్కన పెట్టేయడం మనకు తేలిక. ఆయన హాస్టల్లో బంగాళాదుంపల తొక్క ఎవరు తీసేవారు, వార్డెన్ చెయ్యి చేసుకుంటే ఏమయ్యేది అని ఆ తర్వాత ఎవరూ అడగరు. హాస్టళ్ళలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు అవే అడగాలనిపిస్తుంది.

ముందు కాస్త చరిత్ర. అప్పటి వార్సా జారు చక్రవర్తి కింద ఉండేది. బళ్ళలో చదువు రష్యన్‌లో. పోలిష్‌లో చదువుకోవాలంటే ఎవరింట్లోనో తలుపులు వేసుకుని చదువుకోవాలి. పోలీసుల కంట పడకుండా ఇల్లు మారుస్తూ నడిచిన ఆ రహస్య కళాశాలను 'ఎగిరే విశ్వవిద్యాలయం' అనేవారు. మేరీ క్యూరీ అందులో చదివిందే. 1905 విప్లవం రోజుల్లో విద్యార్థులు రష్యన్ బళ్ళను బహిష్కరించి సమ్మె చేశారు. ఆ ఏడాదే కోర్చాక్‌ను సైన్యంలో డాక్టరుగా రష్యా, జపాన్ యుద్ధానికి పంపారు. అంటే, అల్లర్లలో దొంగచాటుగా చదువు చెప్పుకోవడం అన్నది హిట్లర్ వచ్చాక వార్సా కొత్తగా నేర్చుకున్నది కాదు. తాతల నాటి విద్య. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

యుద్ధం నుంచి తిరిగొచ్చి పిల్లల ఆస్పత్రిలో పనిచేస్తున్నప్పుడు 'అనాథలకు సాయం' అనే సంఘంతో పరిచయమైంది. డాక్టర్ ఎలియాస్‌బెర్గ్ దంపతులు అందులో ముఖ్యులు. ఆ సంఘం చందాలు పోగుచేసి క్రోహ్మాల్నా వీధిలో 92వ నంబరు స్థలంలో పెద్ద మేడ కట్టించింది. 1912 అక్టోబరులో పిల్లలు అందులోకి వచ్చారు. వంద మందికి పైగా, ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వయసు వాళ్ళు. కరెంటు దీపాలు, గదులన్నీ వెచ్చబెట్టే ఏర్పాటు, స్నానాల గదులు, మధ్యలో పెద్ద హాలు. ఆ పేటలో చాలా కొంపలకు ఇవేవీ లేవు. ఆస్పత్రి ఉద్యోగం వదిలేసి కోర్చాక్ అక్కడే మేడ మీద అటక గదిలో కాపురం పెట్టాడు. ఇంటి పని మొత్తం స్టెఫానియా విల్చిన్స్కా చేతిలో ఉండేది. బెల్జియంలోని లియేజ్‌లో ప్రకృతి శాస్త్రం చదివొచ్చిన అమ్మాయి. అందరూ స్టెఫా అనేవారు. ఆయన పుస్తకాలు రాశాడు, రేడియోలో మాట్లాడాడు, పేరు తెచ్చుకున్నాడు. చిరిగిన మేజోళ్ళు ఎన్ని, దగ్గుతున్నది ఎవరు, లెక్కల్లో వెనకబడింది ఎవరు అన్నది ఆవిడ చూసుకుంది. ఏ హాస్టల్‌కైనా ఈ రెండో మనిషే ఆయువుపట్టు. చరిత్ర పుస్తకాల్లో మాత్రం ఆవిడకు దక్కేది ఒక పేరా.

కొత్త మేడలో మొదటి నెలలు బాగా గడిచాయనుకుంటాం. గడవలేదు. కోర్చాక్ స్వయంగా రాశాడు: పిల్లలు తిరగబడ్డారు. అంతకుముందు ఉన్న చోట ఎలాగో బతికేవాళ్ళకు ఇక్కడ అడుగడుగునా నియమం. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. దాతలు కట్టించిన మేడ పిల్లలకు పరాయి ఇల్లే అయింది. అలాంటప్పుడు మన వార్డెన్లు సాధారణంగా చేసేది మీకు తెలుసు. ఆయన చేసింది వేరు. పిల్లల చేతికి కోర్టు ఇచ్చాడు.

ఈ కోర్టు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా మాటంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఎవరి మీదైనా ఎవరైనా కేసు పెట్టవచ్చు. పిల్లవాడి మీద పిల్లవాడు, టీచరు మీద పిల్లవాడు, వంటావిడ మీదైనా సరే. బోర్డు మీద పేరు రాస్తే చాలు. ఆ వారం తమ మీద ఏ కేసూ లేని పిల్లల్లోంచి చీటీలు వేసి న్యాయమూర్తుల్ని ఎంపిక చేసేవారు. తీర్పులకు ఒక శిక్షాస్మృతి ఉంది, నంబర్లతో సహా. చిత్రమేమిటంటే అందులో మొదటి తొంభై తొమ్మిది సెక్షన్లూ క్షమించడానికే, లేదా కేసు కొట్టేయడానికే. తెలియక చేశాడు, ఇప్పుడు తెలిసింది, పోనీ. అనుకోకుండా జరిగింది, పోనీ. మళ్ళీ చెయ్యనంటున్నాడు, పోనీ. నువ్వు తప్పు చేశావని కోర్టు గట్టిగా చెప్పడం నూరో సెక్షన్ నుంచి మొదలవుతుంది. అక్కణ్ణుంచి నూర్లలో పెరుగుతుంది. అయిదు వందలైతే పేరు ఇంటి పత్రికలో వస్తుంది. తొమ్మిది వందలైతే కోర్టు ఆశ వదులుకుందని అర్థం. వీడికి నేను పూచీ అని ఎవరో ఒకరు ముందుకొస్తేనే ఆ పిల్లవాడు ఇంట్లో ఉంటాడు. వెయ్యి అంటే వెళ్ళిపోవడమే. ఆ తర్వాత కూడా మూడు నెలలకు మళ్ళీ అర్జీ పెట్టుకోవచ్చు.

కోర్చాక్ ఆరు నెలల్లో అయిదుసార్లు తన మీద తానే కేసు పెట్టుకున్నాడు. ఒక పిల్లవాడి చెవి మీద కొట్టినందుకు, ఒకణ్ణి పడకగదిలోంచి వెళ్ళగొట్టినందుకు, ఒకణ్ణి మూల నిలబెట్టినందుకు, ఒక న్యాయమూర్తిని కించపరిచినందుకు, ఒక అమ్మాయిని దొంగతనం చేసిందని అనుమానించినందుకు. ఆ అయిదు కేసులు తనకు మంచి మాస్టరుగా ఉండడం నేర్పాయని ఆయన అభిప్రాయం. పిల్లల్ని ఎలా చూడాలన్నది తన మంచి చెడ్డ మూడ్ మీద కాకుండా నియమం మీద ఆధారపడి ఉండాలని అప్పుడే అర్థమైందంటాడు.

నేను నొక్కి చెప్పదలచింది ఇదే. దాత దయగలవాడు కావచ్చు, వార్డెన్ దయగలవాడు కావచ్చు. దయ ఉన్నంతసేపే పిల్లవాడికి అన్నం అయితే, ఆ అన్నం తినే పిల్లవాడు జీవితాంతం ఎదుటివాడి ముఖం వంకే చూస్తుంటాడు. ఇవాళ సార్ కోపంగా ఉన్నాడా, సంతోషంగా ఉన్నాడా? హాస్టల్ పిల్లల కళ్ళలో ఆ లెక్క నేను రోజూ చూశాను. కోర్చాక్ ఆ చూపును నియమాల వైపు తిప్పాడు. 1929లో వచ్చిన ఆయన చిన్న పుస్తకం పిల్లలకు గౌరవం పొందే హక్కు ఉందని వాదిస్తుంది. ప్రేమ అనకుండా గౌరవం అనడంలోనే ఆయన ఎక్కడ నిలబడ్డాడో తెలుస్తుంది.

కోర్టు ఒక్కటే కాదు. ఇంటి పనులన్నీ పిల్లలు వంతులవారీగా చేసేవారు. ఊడ్చడం, వడ్డన, పుస్తకాల బీరువా, చిన్న పిల్లల్ని ముస్తాబు చేయడం. చేసిన పనికి జ్ఞాపకంగా బొమ్మల పోస్టుకార్డులు ఇచ్చేవారు. చలికాలం పొద్దున్నే లేచినందుకు ఒకటి, దుంపల తొక్క తీసినందుకు ఒకటి. నోటితో చెప్పడానికి మొహమాటపడే సంగతులు రాసి వేయడానికి ఉత్తరాల పెట్టె. వాదులాడి గెలిచే గడుసువాడితో పోలిస్తే, రాసి వేసి ఆగే పిల్లవాడు ఆలోచించడం నేర్చుకుంటాడని దాని వెనక ఉద్దేశం. కొట్లాటలు మానిపించడానికి కోర్చాక్ పందేలు కాసేవాడు. ఈ వారం రెండుసార్లకు మించి కొట్టనని పిల్లవాడు పందెం, నెగ్గితే మిఠాయి. అసలు కొట్టొద్దు అనేవాడు కాదు, తగ్గించు అనేవాడు. వారానికోసారి ప్రతి పిల్లవాణ్ణీ తూచి బరువు రాసుకునేవాడు. కొత్తగా వచ్చిన పిల్లవాడికి మూడు నెలలపాటు పెద్ద పిల్లవాడొకడు సంరక్షకుడు. శనివారం పొద్దున ఇంటి పత్రిక అందరూ కూర్చుని వినేవారు. తీర్పులు కూడా అందులోనే.

లోపాలు లేవా? ఉన్నాయి. కొంతకాలం గడిచాక కొత్త పిల్లవాడి మీద మిగతా పిల్లలు ఓటు వేసేవారు: నచ్చాడు, నచ్చలేదు, ఏమో తెలియదు. దాన్ని బట్టి వాడికి ఒక హోదా. పైన 'సహచరుడు', అడుగున 'ఇబ్బందిపెట్టే కొత్తవాడు'. అమ్మా నాన్నా లేక అక్కడికి చేరిన ఎనిమిదేళ్ళవాడు, వంద మంది తనను తూచి నువ్వు అడుగువాడివి అని బోర్డు మీద రాస్తే ఆ రాత్రి ఎలా నిద్రపోయి ఉంటాడు? కోర్చాక్ భక్తులు దీని గురించి పెద్దగా మాట్లాడరు. నాకు మాత్రం మింగుడుపడదు. ఇంకో లోపం పద్నాలుగేళ్ళకు ఇల్లు వదిలి వెళ్ళాల్సి రావడం. లోపల కోర్టు, పిల్లలే సభ్యులైన పార్లమెంటు, పత్రిక. బయట నిరుద్యోగం, పైగా యూదుడన్న ముద్ర. మమ్మల్ని లేని లోకానికి తయారుచేశారని తర్వాత కొందరు పూర్వ విద్యార్థులు నిష్ఠూరమాడారు. నిష్ఠూరం న్యాయమైనదే. దాతల సంస్థలు ఎక్కడైనా పిల్లవాడు గడప దాటిన రోజుతో తమ పని అయిపోయిందనుకుంటాయి.

1914లో యుద్ధం రాగానే కోర్చాక్‌ను మళ్ళీ రష్యన్ సైన్యం పట్టుకుపోయింది. నాలుగేళ్ళు లేడు. పిల్లల్ని ఎలా ప్రేమించాలన్న తన పుస్తకాన్ని ఫిరంగుల మోతలో, సైనిక ఆస్పత్రిలో కూర్చుని రాశాడు. ఆ నాలుగేళ్ళూ వార్సాలో ఇంటిని నడిపింది స్టెఫా. ప్రభుత్వం మారింది, తిండి కరువైంది, ఇల్లు మూతపడలేదు. ఇల్లు ఒక మహానుభావుడి మీద కాకుండా ఒక పద్ధతి మీద నిలబడిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. తర్వాత 1920లో పోలండ్‌కూ సోవియట్లకూ యుద్ధం. కోర్చాక్‌కు టైఫస్ జ్వరం పట్టుకుంది. సేవ చేసిన తల్లికి అంటుకుని ఆవిడ పోయింది.

రెండు యుద్ధాల మధ్య కాలంలో పిల్లలు చదువుకు బయటి సర్కారు బళ్ళకే వెళ్ళేవారు. ఇంటికొచ్చాక హోంవర్కు చూసే పని స్టెఫాది, ఆ ఇంట్లోనే ఉంటూ శిక్షణ పొందే కుర్ర టీచర్లది. దాన్ని నేను మంచి నిర్ణయమంటాను. ఆశ్రమంలోనే బడి పెడితే పిల్లవాడికి ఆశ్రమమే లోకమవుతుంది. 1926 అక్టోబరులో కోర్చాక్ ఒక దినపత్రికకు అనుబంధంగా పిల్లల వారపత్రిక పెట్టించాడు. పేరు 'చిన్న సమీక్ష'. ప్రతి శుక్రవారం వచ్చేది. రాసేది పిల్లలే, ఊరూరి నుంచి. రేడియోలో 'ముసలి డాక్టరు' పేరుతో మాట్లాడితే దేశమంతా వినేది. ఆ మారుపేరు ఎందుకంటే, కాథలిక్కుల పిల్లలకు ఒక యూదుడు బుద్ధులు చెబుతున్నాడన్న గొడవ రాకుండా. 1936లో ఆ కార్యక్రమమూ ఆగిపోయింది. రెండేళ్ళకు మళ్ళీ పిలిచారు. 'చిన్న సమీక్ష' ఆఖరి సంచిక 1939 సెప్టెంబరు 1, శుక్రవారం నాడు వచ్చింది. ఆ రోజే జర్మనీ పోలండ్ మీద పడింది.

అక్కణ్ణుంచి కథ మీకు కొంత తెలుసు. ముట్టడిలో ఇంటి మీద గుళ్ళు పడ్డాయి. ఏడాది తిరిగేసరికి యూదులందరినీ నగరంలో ఒక మూలకు తోసి గోడ కట్టారు. 1940 నవంబరు 16న ఆ ఘెట్టో గేట్లు మూసేశారు. చిన్న జాగాలో నాలుగు లక్షలకు పైగా మనుషులు. క్రోహ్మాల్నా మేడ గోడకు అవతల పడింది. పిల్లల్ని తీసుకుని హ్వోద్నా వీధి 33వ నంబరులోని ఒక వ్యాపార పాఠశాల భవనానికి మారారు. మారుతుండగా బంగాళాదుంపల బండిని జర్మన్లు లాగేసుకున్నారు. అడగడానికి కోర్చాక్ గెస్టపో ఆఫీసుకే వెళ్ళాడు, పోలిష్ సైనిక యూనిఫాం వేసుకుని, యూదులు చేతికి తప్పక కట్టుకోవాల్సిన పట్టీ లేకుండా. కొట్టి పావ్యాక్ జైల్లో వేశారు. నెల రోజుల తర్వాత పూర్వ విద్యార్థులు డబ్బు కట్టి విడిపించుకున్నారు. ఆ దుంపలు మాత్రం తిరిగి రాలేదు. 1941 అక్టోబరులో ఘెట్టోను ఇంకా కుదించారు. మళ్ళీ మారారు, ఈసారి షెన్నా వీధి 16వ నంబరుకు. కుర్ర డాక్టరుగా ఆయన పనిచేసిన పిల్లల ఆస్పత్రి ఉన్నదీ ఆ వీధిలోనే. దాదాపు రెండు వందల మంది పిల్లలు. పెద్ద హాలును బీరువాలు అడ్డం పెట్టి విభజించుకున్నారు. పగలు అందులోనే బడి, భోజనం. రాత్రి అందులోనే పడక.

చదువు సంగతి ఏమైంది? 1939 చివర్లో అంటువ్యాధుల సాకుతో యూదు బళ్ళను మూయించారు. 1941 శరదృతువు దాకా ప్రాథమిక బళ్ళకు అనుమతే లేదు. అప్పుడు బయటికొచ్చింది జారు కాలపు పాత విద్య. పదేసి మంది పిల్లలు, ఒక టీచరు, ఎవరిదో వంటిల్లు. టీచరుకు జీతం ఒక్కోసారి ఒక పూట సూపు. ఇలాంటి రహస్య తరగతులు ఘెట్టోలో ఎక్కడ చూసినా ఉండేవి. కోర్చాక్ ఇంట్లో చదువు హాల్లోనే నడిచింది. హీబ్రూ నేర్పేవారు. ఇంట్లో చర్చకు పెట్టదలచిన విషయాల పట్టీ ఒకటి ఆయన డైరీలో ఉంది. స్త్రీ విముక్తి, వంశపారంపర్యం, ఒంటరితనం, నెపోలియన్, కర్తవ్యం అంటే ఏమిటి, వైద్య వృత్తి, లండన్ నగరం, మెండెల్, లియొనార్డో డావిన్చి, పురుగుల శాస్త్రవేత్త ఫాబ్ర్, విధి, స్వేచ్ఛ. రోడ్డు మీద శవాల పైన కాగితాలు కప్పి ఉన్న రోజుల్లో వేసుకున్న పట్టీ అది. దీన్ని పలాయనమని ఎవరైనా అనవచ్చు. నేననను. ఆకలితో ఉన్నవాడికి ఆకలి గురించి తప్ప ఇంకేదీ చెప్పకూడదన్న ఆలోచనే నాకు అవమానంగా తోస్తుంది.

కోర్టు నడిచింది. పత్రిక శనివారం నాడు చదివారు. బరువులు తూచారు. ఆ బరువులు తగ్గుతున్నాయని కోర్చాక్‌కు తెలుసు, డైరీలో రాసుకున్నాడు. పిల్లలు పైకి మామూలుగా కనిపిస్తున్నా లోపల అలసటా దిగులూ అనుమానమూ పేరుకుంటున్నాయనీ రాసుకున్నాడు. అరవై దాటిన మనిషి, గుండె జబ్బు, వాచిన కాళ్ళు, రోజూ సంచీ భుజాన వేసుకుని ఉన్నవాళ్ళ గుమ్మాల ముందు నిలబడి అడుక్కొచ్చేవాడు. చేర్చాల్సినవాళ్ళకు చేర్చలేక పోస్టాఫీసులో మిగిలిపోయిన ఆహార పార్సెళ్ళు కూడా అడిగి తెచ్చేవాడు. దొంగ సరుకు రవాణాలో డబ్బు చేసుకున్నవాళ్ళ ఇళ్ళకూ వెళ్ళాడు. ఆ చేతుల్లోంచి తీసుకోవచ్చా అన్న మీమాంస ఆయన పెట్టుకోలేదు.

అదే ఘెట్టోలో జెల్నా వీధి 39వ నంబరులో ఇంకో అనాథ శరణాలయం ఉండేది. వెయ్యి మంది పిల్లలు, చలి, మురికి, రోజూ చావులు. పిల్లల రొట్టె సిబ్బంది తినేస్తున్నారని ఆయనకు తెలుసు. 1942 ఫిబ్రవరిలో అక్కడ ఉద్యోగం ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాడు. ఆ అర్జీ నిండా తన లోపాల్ని తనే వెక్కిరించుకుంటాడు. చేరి ఏదో కొంత చేయగలిగాడు, పెద్దగా ఏమీ కాదు. రెండు ఇళ్ళకూ గోడ ఒకటే, కరువు ఒకటే. కానీ ఒక ఇంట్లో పిల్లవాడికి వడ్డించేవాడి మీద కేసు పెట్టే వీలుంది, రెండో ఇంట్లో లేదు. ముప్పై ఏళ్ళు అలవాటైన పద్ధతిని కరువు ఒక్కసారిగా మింగలేకపోయింది. పద్ధతే లేని చోట మింగడానికి దానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆ వసంతంలో జరిగిన ఒక చిన్న సంగతి నాకు చాలా ఇష్టం. ఘెట్టో లోపలే ఒక చర్చి ఉండేది, సకల పుణ్యాత్ముల చర్చి. అక్కడి ఫాదర్ గొద్లెవ్‌స్కీకి కోర్చాక్ ఇంటి పిల్లలు ఉత్తరం రాశారు. శనివారం పొద్దున కాసేపు మీ చర్చి తోటలోకి రానివ్వండి, మాకు గాలి వెలుతురు కావాలి, మొక్కల్ని పాడుచేయం అని. పెద్దల చేత అడిగించలేదు. తమకేం కావాలో, ఎన్ని గంటలకు కావాలో, బదులుగా ఏం హామీ ఇస్తారో తామే రాసుకున్నారు. ముప్పై ఏళ్ళ ఆ బోర్డు, ఉత్తరాల పెట్టె నేర్పింది ఇదే అనుకుంటాను.

1942 జులై 18, శనివారం సాయంత్రం ఆ హాల్లో నాటకం వేశారు. మన రవీంద్రుడి 'డాక్‌ఘర్'. 1911లో రాసిన నాటకం. జబ్బుపడ్డ అమల్ అనే పిల్లవాణ్ణి డాక్టరు గదిలోనే ఉంచమంటాడు. వాడు కిటికీ దగ్గర కూర్చుని దారినపోయేవాళ్ళతో మాట్లాడుతూ రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూస్తాడు. ఎస్టెర్కా వినోగ్రాన్ అనే విద్యార్థిని దర్శకత్వం వహించింది. గోడల మధ్య బందీలైన పిల్లలు ఈ నాటకం వేయడంలోని అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. మృత్యువును ప్రశాంతంగా ఎదుర్కోవడం పిల్లలకు నేర్పడానికే దీన్ని ఎంచుకున్నానని కోర్చాక్ అన్నట్టు చెబుతారు. అని ఉండవచ్చు. నాకు అంతకన్నా సాదా కారణాలు కూడా కనిపిస్తాయి. పిల్లలకు ఏదో ఒక పని కావాలి, రిహార్సల్ కావాలి, డైలాగులు బట్టీ పట్టే తొందర కావాలి, ఒక సాయంత్రం చప్పట్లు కావాలి. ఆ వారంలోనే తిండి వికటించి ఇంట్లో చాలామంది వాంతులతో పడుకున్నారు. అయినా నాటకం ఆపలేదు. హాస్టల్ డే పెట్టిన ఎవరినైనా అడగండి, ఎందుకు ఆపలేదో చెబుతారు.

నాలుగు రోజులకు, జులై 22న, ఘెట్టో ఖాళీ చేయించడం మొదలైంది. యూదు మండలి అధ్యక్షుడు చెర్న్యాకూవ్ అనాథలనైనా మినహాయించమని బతిమాలుకున్నాడు. కుదరదన్నారు. మర్నాడు ఆయన విషం మింగాడు. కోర్చాక్ డైరీలో ఆఖరి తేదీ ఆగస్టు 4. మరుసటి రోజు జర్మన్లు షెన్నా వీధి ఇంటికి వచ్చారు. పిల్లలూ, స్టెఫా, కోర్చాక్, తక్కిన సిబ్బందీ నడిచి రైలు దగ్గరికి వెళ్ళారు. అక్కణ్ణుంచి ట్రెబ్లింకా మృత్యు శిబిరానికి. ఆ నడక గురించి చూసినవాళ్ళు చెప్పినవి ఒకదానికొకటి సరిపోవు. జెండా ఉందని ఒకరు, పాట పాడారని ఒకరు. నేను వాటి జోలికి పోను. గోడ దాటించి కాపాడతామని అంతకుముందే పోలిష్ మిత్రులు చెప్పారు, ఆయన ఒప్పుకోలేదు. స్టెఫా అయితే యుద్ధానికి ముందు పాలస్తీనాలో క్షేమంగా ఉండి, ఈ పిల్లల కోసం వెనక్కి వచ్చింది.

సరిగ్గా అదే వేసవిలో, సోవియట్ నేల మీద దిక్కులేని వాళ్ళైన పోలిష్ పిల్లలు కొన్ని వందల మంది మన జామ్‌నగర్ పక్కన బాలాచడి శిబిరంలో దిగారు. అక్కడి రాజు జామ్‌సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ చోటిచ్చాడు, చందాలు పోగయ్యాయి. సొంత బడి పెట్టుకుని తమ భాషలో చదువుకున్నారు. ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం అయ్యాక దేశమంతా అట్టుడికింది. వాళ్ళ చదువు మాత్రం ఆగలేదు. ఆ పిల్లలు బతికారు. వార్సా పిల్లలకు ఏ జామ్‌సాహెబూ దొరకలేదు.

కోర్చాక్ శతజయంతి సందర్భంలో, 1978లో, బాలల హక్కుల ఒడంబడిక ఉండాలని ఐక్యరాజ్యసమితి ముందు ప్రతిపాదన పెట్టింది పోలండే. 1989 నవంబరు 20న అది ఆమోదం పొందింది. 1992లో భారతదేశం అందులో చేరింది. పిల్లలకు సంబంధించిన ఏ విషయంలోనైనా వాళ్ళ మాట వినాలని అందులో ఉంది. మన బాలన్యాయ చట్టం కింద 2016లో వచ్చిన నమూనా నియమాలు ప్రతి బాలల గృహంలోనూ పిల్లల కమిటీలు ఉండాలంటాయి, సలహాల పెట్టె ఉండాలంటాయి. కాగితం మీద కోర్చాక్ గెలిచాడు.

నేల మీద సంగతి ఈ సభలో చాలామందికి తెలుసు. సలహాల పెట్టె గోడకు ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు. అలాంటి పెట్టెలు నేను చూశాను. పిల్లల కమిటీ తనిఖీ రోజున రిజిస్టరులో సంతకాలు పెడుతుంది. పిల్లవాడు అన్నంలో రాయి వచ్చిందని రాస్తే, రాయి ఎలా వచ్చిందన్నది తర్వాత, ముందు రాసింది ఎవరని విచారణ. ఎక్కడైనా అల్లర్లు, కర్ఫ్యూ, వరద వస్తే మొదట మూతపడేది బడి, ఆ తర్వాత ఈ పెట్టె. అవసరం మరీ ఎక్కువైన రోజునే అది మూతపడుతుంది. దాతలు, అధికారులు మనసులేనివాళ్ళు కావడం వల్ల ఇలా జరగడం లేదు. మనం పెట్టిన అన్నం తింటూ మన మీదే ఫిర్యాదా అన్న ఉక్రోషం వల్ల జరుగుతోంది. ఆ ఉక్రోషం నాకూ తెలిసిందే. సాయం చేసే ప్రతివాడిలోనూ ఉంటుంది. కోర్చాక్‌లోనూ ఉండే ఉంటుంది, లేకపోతే తన మీద అయిదు కేసులు రాసుకోవాల్సిన పని ఉండేది కాదు.

మాస్టారి పేరిట ఉన్న ఈ నిధి నిర్వాహకులకు ఒక విన్నపం చేసి ముగిస్తాను. ఏటా వచ్చే వడ్డీలో ఉపన్యాసం ఖర్చు పోను మిగిలిన దానితో జిల్లాలోని హాస్టల్ పిల్లలకు ఒక పత్రిక పెట్టించండి. నెలకోసారి నాలుగు పేజీలు చాలు. రాసేదీ దిద్దేదీ వాళ్ళే కావాలి. అందులో మెస్ మీద ఫిర్యాదు ఉంటే ఉండనివ్వండి, వార్డెన్ మీద ఉంటే ఉండనివ్వండి, ఈ నిధి మీద ఉన్నా ఉండనివ్వండి. ఎవరు రాశారని మాత్రం అడగకండి. మొదటి సంచికకు కాగితం, అచ్చు ఖర్చు నేను భరిస్తాను.